పెన్‌డ్రైవ్ ఒకటే... పెత్తనం నలుగురిది!

ఇంట్లో కంప్యూటర్ ఒకటే. వాడేవాళ్లు నలుగురు. అయినా గొడవ లేదు. ఎవరి అకౌంటు వాళ్లది, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లది. నాన్న అకౌంట్లో ఇంటి పన్ను రసీదులు, జీతం కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. అమ్మ అకౌంట్లో పెళ్లిళ్ల ఫొటోలు, చీటీల లెక్కలు. అక్కది ఇంజినీరింగ్ ప్రాజెక్టు. ఇక తమ్ముడి అకౌంట్లో ఏముందో తమ్ముడికే తెలియాలి. ఒకరి ఫైళ్లు మరొకరికి కనిపించవు. పొరపాటున ఒకరివి మరొకరు చెరిపేస్తారన్న భయమూ లేదు.

అంతా బాగానే ఉంది కానీ, ఆ కంప్యూటర్ బల్ల సొరుగులో ఓ పెన్‌డ్రైవ్ ఉంది. 32 జీబీది. అది మాత్రం అందరిదీ!

ఇలాంటి ఇంటిని ఊహించుకోవడం కష్టమేమీ కాదు. ఏలూరులోనో కరీంనగర్‌లోనో ఏ వీధిలోకి వెళ్లినా ఒకటి కనిపిస్తుంది. ఆ ఇంట్లో ఓ ఆదివారం పొద్దున ఇలా జరిగిందనుకోండి...

తమ్ముడి కాలేజీలో వార్షికోత్సవం అయింది. వీడియో 5 జీబీ ఉంది. స్నేహితుడికి ఇద్దామని పెన్‌డ్రైవ్ పెట్టి కాపీ కొట్టాడు. ఎక్కలేదు. ఫైలు మరీ పెద్దదని కంప్యూటర్ మొరాయించింది. చూస్తే పెన్‌డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉంది. 20 జీబీ ఖాళీలో 5 జీబీ పట్టకపోవడమేమిటి? ఫోన్ చేస్తే స్నేహితుడే ఉపాయం చెప్పాడు. "ఫార్మాట్ కొట్టి ఎక్స్‌ఫ్యాట్ పెట్టరా, అదే ఎక్కుతుంది." ఏమాటకామాటే చెప్పుకోవాలి, సలహా సరైనదే.

తమ్ముడు మరీ బాధ్యత లేనివాడేం కాదు. ఫార్మాట్ చేస్తే అన్నీ పోతాయని తెలుసు. తన ఫైళ్లు పక్కకు తీసుకున్నాడు. అక్క ప్రాజెక్టు కూడా కాపీ చేసిపెట్టాడు. నాన్న కాగితాలు నాన్న అకౌంట్లో ఎలాగూ ఉంటాయనుకున్నాడు. ఇంకా 'న్యూ ఫోల్డర్ 2' అని ఒకటుంది. అలాంటి పేరున్నది పనికొచ్చేదై ఉంటుందని ఎవరనుకుంటారు? ఫార్మాట్ నొక్కాడు. అరనిమిషంలో అయిపోయింది. వీడియో ఎక్కింది.

సాయంత్రం అమ్మ వచ్చింది.

"ఏరా, ఇందులో అమ్మమ్మ పాటలుండాలి. కనిపించట్లేదేంటి?"

"న్యూ ఫోల్డర్ అని ఉంది, అదా అమ్మా? ఎవరిదో పాతదేమో అనుకున్నా..."

అమ్మమ్మ పోయి ఏడాదిన్నరైంది. మంగళహారతులు, ఊయల పాటలు, అప్పగింతల పాటలు అన్నీ కలిపి 43. మంచం పక్కన కూర్చుని అమ్మ తన ఫోన్లో రికార్డు చేసుకున్నవి. ఫోన్ నిండిపోయిందని ఓరోజు అన్నిటినీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఫోన్లోంచి తీసేసింది. ఫోల్డరుకు పేరు పెట్టాలన్న ధ్యాస ఆ రోజు లేదు.

"రీసైకిల్ బిన్‌లో ఉంటాయిగా, కంగారెందుకు?" అంది అక్క.

ఉండవు.

ఎందుకుండవో, తర్వాత ఆ పాటలేమయ్యాయో చెప్పుకునే ముందు, అసలీ పెన్‌డ్రైవ్ సంగతేమిటో కాస్త చూడాలి. ఎందుకంటే ఆ ఇంట్లో అందరూ నమ్మిన విషయం ఒకటుంది. కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ ఉంది కాబట్టి, దానికి తగిలించిన వాటికీ కాపలా ఉన్నట్టేనని! అక్కడే తిరకాసు.

పట్టాదారు కాలమ్ లేని పహాణీ

మీ అకౌంట్ పాస్‌వర్డ్ కాపలా కాసేది కంప్యూటర్ లోపలున్న మీ ఫోల్డర్లను. కంప్యూటర్ హార్డ్‌డిస్క్‌లో ప్రతి ఫైలుకూ యజమాని ఎవరు, ఎవరు చూడొచ్చు, ఎవరు చెరపొచ్చు అన్నది రాసి ఉంటుంది. విండోస్‌లో ఈ పద్దు రాసే పద్ధతి పేరు ఎన్‌టీఎఫ్‌ఎస్. 1993లో విండోస్ ఎన్‌టీతో పాటు వచ్చింది. ఆఫీసుల్లో ఒకే కంప్యూటర్‌ను పదిమంది వాడతారని తెలిసి కట్టిన పద్ధతి అది.

పెన్‌డ్రైవ్‌ల వంశం వేరు. వాటిలో వాడే ఫ్యాట్ పద్ధతి 1977లో మైక్రోసాఫ్ట్‌లో పుట్టింది. అప్పట్లో చిన్న కంప్యూటర్ అంటే దాని ముందు కూర్చునేది ఒక్క మనిషే. ఆయనే యజమాని, ఆయనే వాడకందారు. కాబట్టి 'ఈ ఫైలు ఎవరిది?' అన్న ప్రశ్నే పుట్టలేదు. డాస్ కాలం నుంచీ ఈ పద్ధతిలో ఒక్కో ఫైలుకు 32 బైట్ల పద్దు ఉంటుంది. అందులో ఫైలు పేరు, తేదీ, సైజు, డిస్క్‌లో ఎక్కడ మొదలవుతుందన్నది, దాచిందా లేదా అన్న చిన్న గుర్తు రాస్తారు. యజమాని పేరు రాయడానికి గడి లేదు! పొలం సర్వే నంబరు, విస్తీర్ణం, పండిన పంట అన్నీ రాసి, పట్టాదారు కాలమ్ ఒక్కటి వదిలేసిన పహాణీ లాంటిదన్నమాట. ఆ పొలం ఎవరిదంటే... నాగలి పట్టుకుని వచ్చినవాడిది.

తమ్ముడి 5 జీబీ వీడియో ఎక్కకపోవడానికి కారణమూ ఈ పద్దులోనే ఉంది. 1996లో వచ్చిన ఫ్యాట్32లో కూడా ఫైలు సైజు రాసే గడికి ఇచ్చిన చోటు 4 బైట్లే. అందులో పట్టే పెద్ద అంకె 4 జీబీకి ఒక్క బైటు తక్కువ. అంతకు మించిన ఫైలు సైజును రాయడానికే చోటు లేదు. అందుకే పెన్‌డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నా ఆ ఫైలు ఎక్కదు. 2006లో వచ్చిన ఎక్స్‌ఫ్యాట్ ఈ సైజు గొడవ తీర్చింది. అయితే మన పెన్‌డ్రైవ్‌లలో వాడే ఎక్స్‌ఫ్యాట్‌కు కూడా పట్టాదారు కాలమ్ లేదు.

నిజానికి పెన్‌డ్రైవ్‌ను తయారుచేసిన వాళ్లకు నలుగురి గొడవ పట్టలేదు. ఫ్లాపీకి బదులు జేబులో పెట్టుకునే వస్తువు కావాలనుకున్నారు. 2000లో సింగపూర్ కంపెనీ ట్రెక్ 'థంబ్‌డ్రైవ్' అని ఒకటి తెచ్చింది. అదే ఏడాది ఇజ్రాయెల్‌కు చెందిన ఎం-సిస్టమ్స్ తయారుచేసినదాన్ని ఐబీఎం అమ్మింది. దాని సామర్థ్యం 8 ఎంబీ. ఇప్పుడు ఫోన్లో తీసే రెండు ఫొటోలకు సరిపోతుందేమో! అప్పటి ఫ్లాపీ 1.44 ఎంబీయే కాబట్టి అదే గొప్ప. అవి పనిచేసే యూఎస్‌బీ పద్ధతి 1996లో వచ్చింది. దాన్ని రూపొందించిన ఇంటెల్ బృందంలో ముఖ్యుడు వడోదరలో చదువుకున్న అజయ్ భట్. అటు పెట్టి, ఇటు పెట్టి, మళ్లీ అటు తిప్పితే గానీ ఎక్కని ఆ పాత ప్లగ్ గురించి ఆయన్ను లోకమంతా అడిగింది. రెండువైపులా ఎక్కేలా చేస్తే ఖర్చు పెరిగేదన్నది ఆయన జవాబు.

సరే, తమ్ముడు లాగిన్ అయినా, అమ్మ లాగిన్ అయినా, పక్కింటి కుర్రాడు వచ్చి కూర్చున్నా పెన్‌డ్రైవ్ అందరికీ ఒకేలా తెరుచుకుంటుంది. విండోస్‌లో 'స్విచ్ యూజర్' నొక్కి ఒకరి తర్వాత ఒకరు కూర్చునే ఇళ్లలో ఇంకో విచిత్రం. నాన్న పెట్టిన పెన్‌డ్రైవ్ నాన్న లేచి వెళ్లాక కూడా అక్కడే ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన తమ్ముడికి నాన్న పాస్‌వర్డ్ తెలియక్కర్లేదు. నాన్న బ్యాంకు స్టేట్‌మెంట్ పెన్‌డ్రైవ్‌లో ఉంటే చాలు.

బుట్టలో పడేది ఏది? పడనిది ఏది?

రీసైకిల్ బిన్ దగ్గరికి వద్దాం. కంప్యూటర్ లోపల ఫైలు చెరిపితే అది చెత్తబుట్టలో పడుతుంది. మనసు మారితే ఏరుకోవచ్చు. విండోస్‌లో పెన్‌డ్రైవ్‌కు ఆ బుట్ట లేదు. చెరిపితే చెరిపినట్టే. 'శాశ్వతంగా తీసేయమంటారా?' అని ఓసారి అడుగుతుంది. ఆ ప్రశ్నను చదివి ఆగేవాళ్లెందరు? ఇక ఫార్మాట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. దానికీ బుట్టకూ సంబంధమే లేదు.

ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ దీనికి భిన్నం. దానికి బుట్ట ఉంటుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంటే ఎవరి బుట్ట వారిదే. తమ్ముడు చెరిపింది తమ్ముడి బుట్టలోనే ఉంటుంది. నాన్న తన అకౌంట్లోంచి ఎంత వెతికినా దొరకదు. తమ్ముడే లాగిన్ అయి తీసివ్వాలి. బుట్ట ఖాళీ చేసేదాకా డిస్క్‌లో చోటు కూడా తిరిగి రాదు. 'ఇన్ని సినిమాలు తీసేశాను, అయినా నిండినట్టే చూపిస్తోందేంటి?' అని తలపట్టుకునే వాళ్ల సందేహానికి జవాబు చాలాసార్లు ఇదే. మ్యాక్‌లోనూ, ఉబుంటు లాంటి లైనక్స్‌లోనూ అయితే పెన్‌డ్రైవ్‌లోనే కంటికి కనిపించని చెత్తబుట్ట ఫోల్డరు తయారవుతుంది. చెరిపినవి అందులో కూర్చుంటాయి.

లైనక్స్ మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం. ఇంజినీరింగ్ పిల్లలున్న ఇళ్లలో ఉబుంటు మామూలే. అక్కడ కథ తిరగబడుతుంది. అక్క లాగిన్ అయి ఉన్నప్పుడు పెట్టిన పెన్‌డ్రైవ్ అక్క పేరుతోనే తెరుచుకుంటుంది. ఆమె లాగౌట్ కాకుండా యూజర్ మార్చి నాన్న కూర్చుంటే, డ్రైవ్ ఉందని కనిపిస్తుందే కానీ లోపలికి రానివ్వదు. 'పెన్‌డ్రైవ్ పాడైపోయింది' అనుకుంటారు. పాడవలేదు. అక్క తన అకౌంట్లోంచి ఎజెక్ట్ చేసి, నాన్న మళ్లీ పెట్టుకుంటే చాలు. ఎప్పుడూ తగిలించే ఉంచే హార్డ్‌డిస్క్ అయితే, కంప్యూటర్ మొదలైనప్పుడే అందరి పేరునా తెరుచుకునేలా ఎఫ్‌స్టాబ్ అనే ఫైలులో ఓ వాక్యం రాసుకోవచ్చు. ఆ పని అక్కకు అప్పగించేయండి.

మరి పెన్‌డ్రైవ్‌నే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకి మార్చేసి, ఎవరి ఫోల్డరుకు వాళ్ల పేరు రాసుకుంటే? రాసుకోవచ్చు. కానీ అది పేరుకే తాళం. ఫైలు మీద కంప్యూటర్ రాసేది 'నాన్న' అని కాదు, నాన్న అకౌంటుకు ఆ కంప్యూటర్ ఇచ్చిన ఓ పొడవాటి నంబరు. అదే పెన్‌డ్రైవ్‌ను ఆఫీసు కంప్యూటర్‌కు పెడితే, అక్కడ ఆ నంబరు ఎవరిదో తెలియదు. నాన్న ఫైళ్లు నాన్నకే తెరుచుకోకపోవచ్చు. విండోస్ మళ్లీ కొత్తగా వేయించాక పాత ఫోల్డర్లు 'మీకు అనుమతి లేదు' అనడానికి కారణమూ ఇదే. పోనీ కాపలా అయినా గట్టిదా అంటే అదీ కాదు. ఏ కంప్యూటర్లోనైనా అడ్మినిస్ట్రేటర్‌గా ఉన్నవాళ్లు ఆ ఫోల్డర్‌ను తమ పేరుకు మార్చేసుకోవచ్చు. 'కంటిన్యూ' నొక్కితే చాలాసార్లు పని అయిపోతుంది. సొంత మనిషిని గుమ్మంలో ఆపేసి, దొంగను లోపలికి రానిచ్చే కాపలాదారు ఎందుకు?

లైనక్స్ పద్ధతిలో ఫార్మాట్ చేసినా అంతే. ఉబుంటులో తొలి అకౌంటుకు ఇచ్చే నంబరు 1000. మీ ఇంట్లో మొదటి మనిషిది 1000 అయితే, పక్కింట్లో మొదటి మనిషిదీ 1000నే. మీ డ్రైవ్ అక్కడ పెడితే ఆ కంప్యూటర్ ఆయన్నే యజమాని అనుకుంటుంది!

'వాడుకలో ఉంది'... ఎవరి వాడుకలో?

నలుగురున్న ఇంట్లో రోజూ ఎదురయ్యే చికాకు ఇంకోటుంది. పెన్‌డ్రైవ్‌ను తీయబోతే 'ఈ డివైజ్ వాడుకలో ఉంది' అంటుంది. మీరు అన్నీ మూసేశారు. ఇంకెక్కడ వాడుకలో ఉంది?

పక్క అకౌంట్లో. అమ్మ పొద్దున పెన్‌డ్రైవ్‌లోంచే చీటీల ఎక్సెల్ ఫైలు తెరిచింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని స్విచ్ యూజర్ నొక్కి వెళ్లింది. ఆ ఫైలు ఆమె అకౌంట్లో ఇంకా తెరిచే ఉంది. మీకు కనిపించదంతే. టాస్క్ మేనేజర్‌లో 'యూజర్స్' అన్న చోట చూస్తే ఇంకెవరెవరు లోపలున్నారో తెలుస్తుంది. అడ్మినిస్ట్రేటర్ అయితే అక్కడినుంచే వాళ్లను సైన్ అవుట్ చేయొచ్చు. కానీ వాళ్లు సేవ్ చేయనిదంతా పోతుంది. అమ్మ చీటీల లెక్కతో ఆ సాహసం చేయకపోవడమే మంచిది. ఆమెను పిలవండి. లేదా కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి తీయండి.

2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచీ పెన్‌డ్రైవ్‌ను ఎజెక్ట్ చేయకుండానే తీసేలా సెట్టింగ్ మార్చారు. విండోస్ 11లోనూ అంతే. అయితే అది ఏమీ రాయనప్పుడు మాత్రమే. పక్క అకౌంట్లో కాపీ నడుస్తుండగా లాగేస్తే ఆ ఫైలు సగమే మిగులుతుంది. ఇంటికి పెట్టుకోదగ్గ నియమం ఒకటే. పెన్‌డ్రైవ్ పెట్టినవాళ్లు స్విచ్ యూజర్ నొక్కకూడదు. సైన్ అవుట్ అయి లేవాలి, డ్రైవ్‌ను తీసుకుని లేవాలి.

తాళం వేద్దామా?

పెన్‌డ్రైవ్‌కే తాళం వేసే పద్ధతులున్నాయి. విండోస్‌లో బిట్‌లాకర్ టు గో 2009లో విండోస్ 7తో వచ్చింది. కొత్తగా తాళం వేయాలంటే విండోస్ ప్రొ లాంటివి కావాలి. వేసిన తాళాన్ని పాస్‌వర్డ్‌తో తీయడానికి మామూలు హోమ్ కూడా చాలు. ఉచితంగా దొరికే వెరాక్రిప్ట్ కూడా మంచిదే. పెన్‌డ్రైవ్ బస్సులో పడిపోయినా, ఎవరైనా కొట్టేసినా, లోపలున్నది వాళ్లకు అర్థంకాని రాతే.

కానీ ఒకే కంప్యూటర్‌ను నలుగురు వాడే ఇంట్లో ఇక్కడో కిటుకు మరవకూడదు. తాళం ఒకసారి తీస్తే ఆ కంప్యూటర్‌కే తీసినట్టు, మీ ఒక్కరికే కాదు. మీరు పాస్‌వర్డ్ కొట్టి తెరిచి, స్విచ్ యూజర్ నొక్కి లేచారా... తర్వాత కూర్చున్నవాళ్లకూ అది తెరిచే ఉంటుంది. ఎజెక్ట్ చేస్తే గానీ, కంప్యూటర్ ఆపితే గానీ మళ్లీ తాళం పడదు. దొంగ బయటివాడైతే ఈ తాళం గట్టిదే. 'దొంగ' సొంత తమ్ముడైతేనే చిక్కు!

ఇంట్లోవాళ్ల నుంచి దాచుకోవాల్సినవి నాలుగైదు ఫైళ్లే అయితే ఇంత హంగామా అక్కర్లేదు. సెవెన్‌జిప్ అనే ఉచిత ప్రోగ్రాంతో వాటిని ఒక మూట కట్టి పాస్‌వర్డ్ పెట్టేయండి. ఫైళ్ల పేర్లు కూడా దాచమని అందులో ఓ గడి ఉంటుంది. అక్కడ టిక్ పెట్టకపోతే లోపలున్నది తెరుచుకోదు కానీ పేర్లు కనిపిస్తాయి. కొన్నిసార్లు పేరే చాలదూ? ఇంకో మాట. ఇలాంటి తాళాలేవీ చెరపడాన్ని ఆపలేవు. మూట విప్పలేనివాడు కూడా మూటను పారేయగలడు.

సొరుగులోంచి పెన్‌డ్రైవ్ బయటికి తీసే పనుల్లో సగం అసలు అవసరమే లేనివి. ఒకే కంప్యూటర్లో అమ్మ అకౌంట్లోని ఫొటోలు అక్కకు ఇవ్వడానికి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, యూజర్ మారి, మళ్లీ దించుకుంటారు. పక్క గదిలోకి వెళ్లడానికి బస్సెక్కినట్టు! విండోస్‌లో 'పబ్లిక్' అనే ఫోల్డర్ ఎప్పటినుంచో ఉంది. సీ డ్రైవ్‌లో 'యూజర్స్' తెరిస్తే కనిపిస్తుంది. అందులోకి కాపీ చేసింది ఆ కంప్యూటర్లోని అన్ని అకౌంట్లకూ కనిపిస్తుంది. ఇది నట్టింట్లో వేసిన బల్ల లాంటిది. అందరూ చూడాల్సింది అక్కడ పెట్టాలి. ఒక్కరే చూడాల్సింది పెట్టకూడదు.

బజారుకెళ్లి వచ్చిన పెన్‌డ్రైవ్

ఇంతవరకూ ఇంట్లో సంగతి. పెన్‌డ్రైవ్ గుమ్మం దాటితే ఇంకో కథ. హాల్‌టికెట్ ప్రింటు తీయించాలని జెరాక్స్ షాపుకు, పెళ్లికార్డు మేటర్ ఇవ్వాలని డీటీపీ సెంటర్‌కు అదే పెన్‌డ్రైవ్ వెళ్తుంది. షాపు కంప్యూటర్లో రోజంతా ఎందరి పెన్‌డ్రైవ్‌లు పెడతారో లెక్కేలేదు. తిరిగొచ్చాక తెరిస్తే ఫోల్డర్లన్నీ మాయం. వాటి పేర్లతోనే షార్ట్‌కట్‌లు! అసలు ఫోల్డర్లు పోలేదు, దాచేశారంతే. ఆ షార్ట్‌కట్ నొక్కితే ఫోల్డర్ తెరుచుకున్నట్టే ఉంటుంది, వెనకాల వైరస్ కూడా మొదలవుతుంది.

2008 చివర్లో బయటపడ్డ కాన్‌ఫికర్ వైరస్ పెన్‌డ్రైవ్‌ల మీదా పాకింది. అప్పట్లో పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ప్రోగ్రాం తనంతట తానే మొదలయ్యే సౌకర్యం ఉండేది. దాన్ని వైరస్‌లు వాడుకున్నాయి. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పాత విండోస్‌లకు కూడా అప్‌డేట్ పంపి ఆ దారి మూసింది. అందుకే ఇప్పటివి మనచేత నొక్కించుకోవాలని చూస్తాయి.

నాలుగు అకౌంట్లుంటే వైరస్ ఒకరి దగ్గరే ఆగదా అని అడగొచ్చు. కొంతవరకు ఆగుతుంది. పిల్లలవి స్టాండర్డ్ అకౌంట్లయితే అక్కడ మొదలైన వైరస్ సాధారణంగా ఆ అకౌంటు దాటలేదు. కానీ పెన్‌డ్రైవ్ అందరిదీ కదా! తమ్ముడు తెచ్చిన అదే షార్ట్‌కట్‌ను మర్నాడు నాన్న తన అకౌంట్లోంచి నొక్కుతాడు. ఆయనది అడ్మినిస్ట్రేటర్. గదికో గోడ కట్టుకుని, అన్ని గదులకూ ఒకే కిటికీ పెట్టుకున్నట్టయింది. అందుకే ఇంట్లో అడ్మినిస్ట్రేటర్ అకౌంటు ఒకటే ఉండాలి. దాన్ని రోజువారీ పనికి నాన్న కూడా వాడకూడదు.

షాపుకు వెళ్లేటప్పుడు ఇంకో ప్రమాదం కూడా ఉంది. ప్రింటు కావాల్సింది ఒక్క కాగితం. తీసుకెళ్లేది మాత్రం ఇంటిల్లిపాది ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ స్కాన్‌లు. అవతలివాళ్లు మంచివాళ్లే కావచ్చు, వాళ్ల కంప్యూటర్ సంగతి ఎవరికి తెలుసు? దీనికి మందు చాలా చవక. 'బజారు పెన్‌డ్రైవ్' అని ఒకటి వేరే పెట్టుకోండి. చిన్నదైనా చాలు. వెళ్లేముందు ఆ ఒక్క ఫైలే ఎక్కించండి. తిరిగొచ్చాక యాంటీవైరస్‌తో చూసి, అందులోదంతా చెరిపేయండి. రాతను ఆపే చిన్న మీట ఉన్న పెన్‌డ్రైవ్‌లు కొన్ని దొరుకుతాయి. మీట వేస్తే షాపు కంప్యూటర్ చదవగలదే కానీ రాయలేదు. అలాంటిది దొరికితే వదలొద్దు.

మరి ఇంట్లో నలుగురికీ ఒకటి చాలదా అంటే, చాలదు. దువ్వెన ఒకటే అయినా ఇల్లు గడుస్తుంది, టూత్‌బ్రష్ మాత్రం ఎవరిది వారిదే కదా! ఒక్కో పెన్‌డ్రైవ్ ఖరీదు ఇంటిల్లిపాదీ ఓసారి సినిమాకు వెళ్లివచ్చే ఖర్చుకంటే తక్కువే. రంగులు వేరువేరుగా కొనండి. లేదా దారం కట్టండి. ప్రతి డ్రైవ్‌కూ కంప్యూటర్లో పేరు పెట్టండి. రైట్ క్లిక్, రీనేమ్, అంతే. ఫోల్డర్‌కూ పేరు పెట్టండి. ఫ్యాట్‌లో పట్టాదారు కాలమ్ లేదు కాబట్టి పేరులోనే పట్టాదారును రాసేసుకోవాలి. 'అమ్మవి, చెరపొద్దు' అన్న రెండు ముక్కలు ఆ ఆదివారం ఎంత పని చేసి ఉండేవో!

పోయిన పాటలు

ఇంతకీ ఆ ఇంట్లో ఏమైందంటారా? అక్క చేసిన మొదటి మంచి పని, పెన్‌డ్రైవ్‌ను వెంటనే తీసి పక్కన పెట్టేయడం. ఎందుకంటే ఫైళ్లు ఇంకా పూర్తిగా పోలేదు. త్వరగా అయిపోయే ఫార్మాట్‌లో కంప్యూటర్ చేసేది పాత పద్దు పుస్తకం తీసేసి కొత్తది పెట్టడమే. లోపలి సరుకు చాలావరకు ఉన్నచోటే ఉంటుంది. ఆ చోటు మీద కొత్తది రాసినప్పుడే అసలు నష్టం. అందుకే ఫైళ్లు పోయిన పెన్‌డ్రైవ్‌లోకి ఇంకేదీ ఎక్కించకూడదు. వెతికే ప్రోగ్రాంను కూడా అందులో వేయకూడదు. దొరికినవాటినీ అందులోకే కాపీ చేయకూడదు. అన్నీ కంప్యూటర్లోకే. ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ అయితే ఈ ఆశ కూడా తక్కువే. ఖాళీ అయిన చోటును అది తనంతట తానే తుడిచేసుకోవచ్చు.

రెక్యువా, ఫొటోరెక్ లాంటి ప్రోగ్రాంలు ఉచితంగా దొరుకుతాయి. అక్క ఫొటోరెక్ వాడింది. పేరులో ఫొటో ఉన్నా అది పాటలనూ వెతుకుతుంది. పద్దు పుస్తకంతో పనిలేకుండా డిస్క్ మొదటినుంచి చివరిదాకా చదువుకుంటూ పోయి, ఇది పాటలా ఉంది, ఇది ఫొటోలా ఉంది అని ఏరుతుంది. రాత్రి పదిన్నరకు పని పూర్తయింది. పాటలు 29 వచ్చాయి. మిగతా 14 ఉన్నచోట ఇప్పుడు కాలేజీ వార్షికోత్సవం ఉంది.

వచ్చినవాటికీ పేర్లు లేవు. పేర్లు ఉండేది పద్దులో, ఆ పద్దు పోయింది. ప్రతిదానికీ ఎఫ్ అక్షరం, పక్కన పొడవాటి అంకె. ఏది ఏ పాటో వింటే తప్ప తెలియదు. వింటే గుర్తుపట్టేది ఆ ఇంట్లో ఒక్క మనిషే.

తమ్ముడు పబ్లిక్ ఫోల్డర్‌లో 'అమ్మమ్మ పాటలు' అని ఓ ఫోల్డర్ చేశాడు. అందులోంచి ఓ కాపీ అమ్మ ఫోన్లో వేశాడు, ఓ కాపీ కొత్త పెన్‌డ్రైవ్‌లో వేశాడు. దానికి ఎర్ర దారం కట్టాడు. తర్వాత హెడ్‌ఫోన్లు తెచ్చి అమ్మ చేతికిచ్చి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

అమ్మ ఒక్కోటీ వింటోంది. "ఇది తులసమ్మ హారతి" అంటుంది. వాడు టైపు చేస్తాడు. "ఇది నువ్వు పుట్టినప్పుడు పాడింది" అంటుంది. వాడు టైపు చేస్తాడు. పదిహేడో ఫైలు దగ్గర పాట లేదు. అమ్మమ్మ గొంతు సవరించుకుని, "ఏమే, ఆన్ అయిందా అది?" అని అడగడం ఒక్కటే వినిపించింది.

"దీనికేం పేరు పెట్టమంటావమ్మా?" అన్నాడు వాడు.